అద్దానికి పాచి పట్టింది, ఏ చేప వేయాలి? అక్వేరియం నాచు వెనక అసలు లెక్క

అక్వేరియం కొత్తగా పెట్టినవాళ్ళు మూడు నాలుగు వారాలు తిరిగేసరికి అడిగే ప్రశ్న ఒకటే, అద్దాలకి పాచి పట్టేసింది, దాన్ని తినే చేప ఏదైనా ఉందా అని. షాపులో అడిగితే వెంటనే ఒక నల్లటి సక్కర్ ఫిష్ ని కవర్లో వేసి ఇచ్చేస్తారు, ఇంటికి తెచ్చి వేస్తాం, ఓ పది రోజులు అది అద్దం మీద అతుక్కుని తిరుగుతుంటే భలే పనిచేస్తోంది అనుకుంటాం, ఇంకో రెండు మూడు నెలలకి చూస్తే పాచి ఉన్నచోటే ఉంటుంది, చేప మాత్రం బాగా ఎదిగి ఉంటుంది. నాకూ ఇదే జరిగింది. హైదరాబాద్ లో అద్దె ఇంట్లో రెండడుగుల ట్యాంక్, సుమారు 55 లీటర్ల నీళ్ళు, దాంట్లో నాచుతో పడిన తిప్పల వల్లే ఇదంతా నేర్చుకున్నా, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

నాచు తినే ప్రాణి అనగానే మనం తుడిచే గుడ్డ లాగా ఊహించుకుంటాం, అది తుడిచేస్తే మురికి పోతుంది అని. కానీ ట్యాంక్ నాలుగు వైపులా మూసేసిన పెట్టె, అందులోంచి ఏదీ దానంతట అది బయటికి పోదు. చేను గట్టు మీద గడ్డిని మేక మేసిందనుకోండి, గడ్డి పొట్టిగా ఉంటుంది, పెంట అక్కడే పడుతుంది, వాన పడగానే మళ్ళీ మొలుస్తుంది. నాచు తినడానికని ట్యాంక్ లో వేసే చిన్న రొయ్య చేసేది కూడా సరిగ్గా అదే. తిన్న నాచులో కొంత దాని ఒంటికి పడుతుంది, మిగతాది మలంగా అడుగున పడుతుంది, బ్యాక్టీరియా దాన్ని కుళ్ళబెట్టి అమ్మోనియా చేస్తుంది, అమ్మోనియా నైట్రైట్ అవుతుంది, నైట్రైట్ నైట్రేట్ అవుతుంది, ఆ నైట్రేట్, దాంతోపాటు ఫాస్ఫేట్, రెండూ మళ్ళీ నాచుకి తిండే. ఈ చుట్టూ తిరిగే లెక్కలోంచి ఏదైనా నిజంగా బయటికి పోవాలంటే మనం నీళ్ళు మార్చాలి, లేదంటే పెరిగిన మొక్కల్ని కత్తిరించి తీసెయ్యాలి, లేదంటే నాచునే చేత్తో పీకి పారెయ్యాలి. రొయ్యలూ చేపలూ నాచుని పొట్టిగా ఉంచగలవు, అంతే. అది చిన్న సాయం అని నేను అనట్లేదు, సరైన ట్యాంక్ లో అది చాలా పెద్ద సాయం, కాకపోతే మొదటి పని మాత్రం వాటిది కాదు.

ఈ మాట నాకు మొదట అర్థమయ్యేలా చెప్పింది మా బాబాయి. ఆయనకి కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి, బొచ్చె, శీలావతి వేస్తారు. ఒకసారి ఇంటికొచ్చి నా ట్యాంక్ చూసి, "ఏరా, నీళ్ళు భలే రంగొచ్చాయే, ఏం వేశావ్?" అన్నాడు. ఏమీ వెయ్యలేదు బాబాయ్, అదే నా బాధ అన్నా. చెరువులో ఆ పచ్చదనం రావడానికి ఆయన పేడ వేస్తాడు, సూపర్ ఫాస్ఫేట్, డీఏపీ లాంటి ఎరువులు వేస్తాడు, ఎందుకంటే ఆ పచ్చదనం మీదే చెరువులో చేప తిండి మొదలవుతుంది, నీటి రంగు చూసే ఎరువు వెయ్యాలో ఆపాలో చెప్పేస్తారు వాళ్ళు. "మేం డబ్బులు పోసి తెప్పించుకునేది నీకు ఊరికే వచ్చిందంటే ఎక్కడో మేత ఎక్కువవుతోంది రా, రోజుకి ఎంతేస్తున్నావ్?" అని అడిగాడు. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మా పాప చేతికి డబ్బా దొరికితే మధ్యాహ్నం ఇంకోసారి. పదకొండు చిన్న చేపలకి అంత. చెరువులో మేతగా తవుడు సంచులు కట్టినచోట కూడా చేప ఎంత తింటోందో చూసుకునే మేత వేస్తారు, రొయ్యల చెరువుల్లో అయితే చెక్ ట్రే పెట్టి మిగిలిందేమో చూసి గానీ తర్వాతి మేత వెయ్యరు. మనం మాత్రం చేప పైకొచ్చి నోరు తెరిస్తే ఆకలేస్తోంది అనుకుని వేసేస్తాం.

మేత తర్వాత లైటు. కొత్తగా కొన్న ఎల్ఈడీ లైట్ అందంగా ఉంటుంది కదా అని పొద్దున్నుంచి పడుకునేదాకా వేసే ఉంచుతాం, పన్నెండు పద్నాలుగు గంటలు, పైగా ట్యాంక్ కిటికీ పక్కన. మొక్కలు తక్కువ ఉన్న ట్యాంక్ లో ఆ వెలుతురు అంతా వాడుకునేది నాచు ఒక్కటే. నేను ఒక మామూలు టైమర్ ప్లగ్ కొని 7 గంటలకి పెట్టా, ట్యాంక్ ని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకి జరిపా, మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికి మూడో వంతు నీళ్ళు మార్చడం. ఈ నాలుగూ చేశాకే రొయ్యలు వేసిన తేడా కంటికి కనపడింది, అంతకుముందు వేసినవి ఎంత మేసినా మొలిచేదే ఎక్కువ.

ఇంక నాచు రకాల సంగతి. ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు, ఎందుకంటే మనం అన్నిటినీ కలిపి పాచి అనేస్తాం గానీ తినేవాటికి అవన్నీ ఒకటి కాదు. గుర్తుపట్టడానికి నేను చేసేది వేలితో రాసి చూడటం. వేలితో రాస్తే గోధుమ రంగు పొడిలా వచ్చేస్తే అది డయాటమ్స్, కొత్త ట్యాంక్ లో దాదాపు అందరికీ వస్తుంది, నీళ్ళలో ఇసుకలో ఉండే సిలికాతో గాజు లాంటి గుల్ల కట్టుకుంటాయి, చాలాసార్లు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, దానికి కంగారు పడి ఏమీ కొనక్కర్లేదు. వేలికి దారాల్లా చుట్టుకుంటే హెయిర్ ఆల్గే. గోరుతో గీకినా రాకుండా గట్టి పచ్చ చుక్కల్లా ఉంటే గ్రీన్ స్పాట్. ఆకుల అంచులకీ కట్టె మీదా నల్లటి గడ్డం వెంట్రుకల్లా కుచ్చులుగా ఉంటే బ్లాక్ బియర్డ్, హాబీలో ఉన్నవాళ్ళంతా బీబీఏ అంటారు, పేరుకి నలుపు గానీ అది ఎర్ర నాచు జాతి, కొంచెం పీకి స్పిరిట్ లో వేస్తే పచ్చ రంగు కరిగిపోయి ఎర్రగా బయటపడుతుంది. దుప్పటిలా పరుచుకుని, పట్టుకుంటే జారుతూ పొరలు పొరలుగా లేచి, మట్టి వాసన వచ్చేది సైనోబ్యాక్టీరియా, అది అసలు నాచే కాదు, బ్యాక్టీరియా. నీళ్ళే పచ్చగా బఠాణీ సూప్ లా అయిపోతే అది నీటిలో తేలే ఒంటికణం నాచు.

వీటిలో హెయిర్ ఆల్గేకి అందరూ చెప్పే పేరు అమానో ష్రింప్. జపాన్ లో దీన్ని యమటో నుమా ఎబి అంటారు, ఎబి అంటే రొయ్య. శాస్త్రీయంగా కారిడినా మల్టీడెంటాటా, 2006 దాకా కారిడినా జపోనికా అనేవాళ్ళు, పాత వ్యాసాల్లో ఆ పేరే కనిపిస్తుంది, రెండూ ఒకటే. అమానో అన్నది మనిషి పేరు, తకాషి అమానో, 1954లో జపాన్ లోని నీగటాలో పుట్టాడు, మొదట్లో ప్రొఫెషనల్ సైకిల్ రేసర్, ఫొటోగ్రాఫర్, 1982లో ఏడీఏ అనే కంపెనీ పెట్టాడు, ఈరోజు మనం ప్లాంటెడ్ ట్యాంక్, అంటే మొక్కలతో నింపిన ట్యాంక్, అంటున్న పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చింది ఆయనే. ఆయన ట్యాంకుల్లో వెలుతురు ఎక్కువ, మొక్కలు ఎక్కువ, కాబట్టి మొదటి వారాల్లో నాచు బెడద తప్పదు, దానికి ఈ రొయ్యల్ని పెద్ద సంఖ్యలో వదిలేవాడు, చూసినవాళ్ళంతా అదే పట్టుకున్నారు, రొయ్యకి ఆయన పేరే స్థిరపడిపోయింది. 2015లో పోర్చుగల్ లోని లిస్బన్ ఓషియనేరియంలో 40 మీటర్ల పొడవైన మంచినీటి ట్యాంక్ చేశాడు, అదే ఏడాది చనిపోయాడు.

అమానో తినడం దగ్గర్నుంచి చూస్తే గంటలు తెలీవు. నేను కుర్చీ వేసుకుని, అద్దానికి ముక్కు ఆనించి చూశా. జావా మాస్ (ట్యాంక్ లో కావాలని పెంచే దట్టమైన సన్నాకుల మొక్క) లో చిక్కుకున్న ఒక పచ్చ దారాన్ని ముందు రెండు కాళ్ళతో పట్టుకుంటుంది, ఆ కాళ్ళ చివర చిన్న పట్టకారులు, వాటి కొసల్లో బ్రష్ లాగా సన్నటి వెంట్రుకల కుచ్చులు, ఎడమది నోటికి వెళ్ళేలోపు కుడిది ఇంకోటి పట్టేస్తుంది, అలా కుడి ఎడమ కుడి ఎడమ ఆగకుండా, మన అమ్మమ్మలు చింతాకు దూసినట్టు. దారం మరీ పొడుగ్గా ఉంటే మాత్రం వదిలేసి పొట్టిగా ఉన్నచోటికి పోతుంది. అందుకే పొడుగు దారాల్ని టూత్ బ్రష్ కి చుట్టి లాగేసి, మిగిలిన మొదళ్ళని రొయ్యలకి వదిలెయ్యాలి. నా ట్యాంక్ లో ఇలా చేసి ఆరు అమానోలు వేస్తే మూడు వారాలకి మాస్ మళ్ళీ మాస్ లా కనపడింది. ఎనిమిది పది లీటర్లకి ఒకటి అన్నది హాబీలో అందరూ వాడే లెక్క, అంతకంటే తక్కువ వేసి పనిచెయ్యట్లేదంటే వాటి తప్పు కాదు. ఇంకోటి, చేపల మేత పుష్కలంగా పడే ట్యాంక్ లో అమానో నాచు ముట్టుకోదు, పెల్లెట్ ఎత్తుకుని మూలకి పరిగెడుతుంది. ఆకలిగా ఉన్న అమానోకీ కడుపు నిండిన అమానోకీ అంత తేడా.

వీటితో చిక్కేంటంటే ఇంట్లో పిల్లలు పెరగవు. ఆడది గుడ్లు మోస్తూ తిరుగుతుంది, గుడ్లు పగులుతాయి, కానీ ఆ లార్వా, అంటే గుడ్డులోంచి వచ్చిన పసి దశ, మంచినీళ్ళలో కొన్ని రోజులకే చచ్చిపోతుంది, దానికి ఉప్పునీళ్ళు కావాలి, పెరిగాక మళ్ళీ మంచినీళ్ళకి రావాలి. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు, చెరువుల్లో పెంచే పెద్ద మంచినీటి రొయ్య స్కాంపిది కూడా ఇలాంటి వ్యవహారమే కదా, పెరిగేది మంచినీళ్ళలో, పిల్ల దశకి మాత్రం ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి, అందుకే హేచరీలు సముద్రం పక్కన ఉంటాయి. కాబట్టి అమానోలు మన దగ్గర దొరికేవన్నీ బయటినుంచి తెచ్చినవే, ధర ఎక్కువ, చచ్చిపోతే మళ్ళీ కొనాల్సిందే.

చెర్రీ ష్రింప్ అలా కాదు. నియోకారిడినా డేవిడి, రెండు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది, పూర్తిగా మంచినీటి ప్రాణి, ఆడది పొట్ట కింద ఇరవై ముప్పై గుడ్లు నాలుగు వారాల దాకా మోసి, లార్వా కాకుండా నేరుగా బుల్లి రొయ్యల్నే వదులుతుంది. పది తెస్తే ఆరు నెలల్లో వంద అవ్వడం చూశా. ఒక్కొక్కటీ తినేది అమానో కంటే చాలా తక్కువ, గట్టి దారం నాచు వీటి వల్ల కాదు, కానీ ఆకుల మీద మెత్తటి పొరనీ, డయాటమ్స్ నీ, మిగిలిన మేతనీ ఇరవైనాలుగు గంటలూ గోకుతూనే ఉంటాయి, అంటే నాచు పుట్టే దశలోనే పోతుంది. నన్నడిగితే చిన్న ట్యాంక్ కి నాచు రాకముందే వేసుకోవాల్సినవి ఇవి. అయితే వీటితో పెద్ద చేపలు పెట్టకూడదు, ఏంజెల్ ఫిష్ కి చెర్రీ అంటే పకోడీ, గప్పీలు కూడా బుల్లి పిల్లల్ని ఏరుకుని తినేస్తాయి. మాస్ దట్టంగా ఉంటే కొన్ని బతుకుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కాలవలో గాజులా కనపడే చిన్న రొయ్యలు ఉంటాయి, ఊరెళ్ళినప్పుడు పట్టుకొచ్చి ట్యాంక్ లో వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఊరికే వస్తాయి కదా అని. వాటిలో చాలావరకు మాక్రోబ్రాకియం జాతివి, స్కాంపికి చుట్టాలు. ముందు చేతుల్ని చూడండి, సన్నగా పొడుగ్గా, ఒంటి కంటే ముందుకు చాచి, చివర కత్తెర లాంటి పట్టు ఉంటే అది వేటగత్తె. బ్రష్ కుచ్చులుండవు, నాచు గోకదు, రాత్రి నిద్రపోయే నియాన్ టెట్రాని తోకతో సహా తినేస్తుంది. ఆ పొడుగు చేతులు కనపడితే చేపలున్న ట్యాంక్ లో వెయ్యొద్దు.

చేపల్లోకి వస్తే డయాటమ్స్ కీ మెత్తటి పచ్చ పొరకీ ఓటోసింక్లస్ ని మించింది లేదు. దక్షిణ అమెరికా నదుల చేప, నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు, గుంపులో ఉంటేనే ధైర్యంగా తిరుగుతుంది, కనీసం ఆరు. వెడల్పాటి ఆకు మీద ఒకటి మొదలుపెట్టి చివరిదాకా వెళ్తే వెనక శుభ్రమైన దారి కనపడుతుంది. కానీ మార్కెట్ కి వచ్చేవి చాలావరకు నదుల్లో పట్టినవి, ప్రయాణంలో రోజుల తరబడి తిండి లేకుండా వస్తాయి, షాప్ తొట్లో నాచు ఉండదు, మన దగ్గరికి వచ్చేసరికే సగం చచ్చి ఉంటాయి. కొనేముందు అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట చూడండి, గుండ్రంగా ఉంటే తీసుకోండి, లోపలికి గుంట పడి ఉంటే వద్దు. నెల కూడా కాని శుభ్రమైన కొత్త ట్యాంక్ లో వేస్తే ఆకలికే పోతాయి, కనీసం మూడు నెలలు నడిచిన ట్యాంక్ లోనే వెయ్యాలి.

నల్ల గడ్డానికి సయామీస్ ఆల్గే ఈటర్, అందరూ ఎస్ఏఈ అంటారు. క్రాసోకీలస్ జాతి, ఆగ్నేయాసియాది, బీబీఏని నిజంగా తినే చేపల్లో దీని పేరే ముందు చెప్పాలి. గొడవంతా సరైనది దొరకడంలో. దాని పేరు చెప్పి ఫ్లయింగ్ ఫాక్స్ అమ్ముతారు, చైనీస్ ఆల్గే ఈటర్ అమ్ముతారు. అసలుదాని పక్కన ఉండే నల్ల గీత ముక్కు నుంచి తోక రెక్క చివరిదాకా వెళ్తుంది, గీత అంచు సాఫీగా కాకుండా రంపంలా ఉంటుంది. ఫ్లయింగ్ ఫాక్స్ కి గీత పైన బంగారు రంగు చార స్పష్టంగా ఉంటుంది, బీబీఏ జోలికి పెద్దగా పోదు, పెరిగాక తన చోటు కోసం పోట్లాడుతుంది. చైనీస్ ది ఇంకా ఘోరం, నోరు కిందికి సక్కర్ లా ఉంటుంది, చిన్నప్పుడు నాచు తింటుంది, పెద్దయ్యాక నాచు మానేసి చదునైన చేపల పక్కలకి అతుక్కుని ఒంటి మీద జిగురు పీలుస్తుంది. నిజమైన ఎస్ఏఈ కూడా పన్నెండు పదిహేను సెంటీమీటర్లు పెరుగుతుంది, మూడడుగుల కంటే చిన్న ట్యాంక్ లో వెయ్యడం దానికి అన్యాయం, పైగా వయసు పెరిగేకొద్దీ నాచు కంటే మేతకే అలవాటు పడుతుంది.

నా రెండడుగుల ట్యాంక్ లో అందుకే ఎస్ఏఈ వెయ్యలేదు. బీబీఏ పట్టిన కట్టెని బయటికి తీసి, మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ని సిరంజితో దాని మీద పోసి, ఐదు నిమిషాలు ఆగి, కడిగి మళ్ళీ పెట్టా. మూడో రోజుకి నలుపంతా గులాబీ రంగుకి తిరిగింది, అప్పుడు వచ్చారు చూడండి మన అమానోలు, అంతకుముందు నెలల తరబడి పక్కనుంచి పోయేవి కూడా ఆ గులాబీ కుచ్చుల మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి మరీ తిన్నాయి. బతికున్న బీబీఏ వాటికి గట్టిగా ఉంటుంది, చచ్చింది మెత్తబడుతుంది. ఇది నాకు చాలా పెద్ద పాఠం, మనం సగం పని చేస్తే మిగతా సగం అవి చేస్తాయి.

సక్కర్ ఫిష్ సంగతి మాత్రం గట్టిగానే చెప్తా. షాపుల్లో రెండంగుళాల పిల్లగా అమ్మే ఆ చేప, టెరిగోప్లిక్తిస్ జాతి, అడుగు దాటి, కొన్ని ఒకటిన్నర అడుగు దాకా పెరుగుతుంది, పెరిగేకొద్దీ నాచు మీద ఆసక్తి తగ్గుతుంది, మలం మాత్రం తాడులా వేలాడుతూ రోజంతా వస్తూనే ఉంటుంది, అంటే నాచు తగ్గించడానికి తెచ్చిన చేపే నాచుకి అన్నిటికంటే ఎక్కువ ఎరువు వేస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని పక్కనే ఉన్న చెరువులో వదిలెయ్యడం, పాపం బతుకుతుందిలే అని. అది నిజంగా బతుకుతుంది. మన చెరువుల్లో, కాలవల్లో ఇప్పుడు దెయ్యం చేప అని రైతులు తిడుతున్నది దీన్నే, ఒళ్ళంతా ఎముక పలకలు, ముళ్ళ రెక్కలు వలల్ని చింపేస్తాయి, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, తినడానికి ఎవరూ కొనరు. హైదరాబాద్ లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ సైంటిస్టులు నీళ్ళ శాంపిళ్ళలో దీని డీఎన్ఏ వెతికి తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో ఎంత దూరం పాకిందో చూపించారు. దయచేసి వదలకండి. పెంచలేకపోతే షాపుకే తిరిగివ్వండి, పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్ళకి ఇవ్వండి. సక్కర్ లాంటిదే కావాలనుకుంటే బ్రిసిల్ నోస్ ప్లెకో తీసుకోండి, నాలుగైదు అంగుళాల్లో ఆగిపోతుంది.

ఇంక ఎవరూ తిననివి. గోరుకి రాని పచ్చ చుక్కలు రొయ్యల వల్ల కాదు, నెరైట్ నత్తలు కొంత గీకుతాయి, మిగతాది పాత బ్లేడుతో మనమే గీకాలి. సైనోబ్యాక్టీరియాని ఆశపెట్టుకోదగ్గ ప్రాణి ఏదీ తినదు, ఉన్నదంతా పైపుతో పీల్చేసి మూడు రోజులు దుప్పటి కప్పి చీకట్లో ఉంచడమే. పచ్చ నీళ్ళకి కూడా మన రొయ్యలూ చేపలూ ఏమీ చెయ్యలేవు, ఆ కణాలు కంటికి కనపడనంత చిన్నవి, వాటిని వడగట్టి తినేది డాఫ్నియా అనే బుల్లి నీటి ప్రాణి, ఆ డాఫ్నియాని చేపలు తినేస్తాయి. సరస్సుల్లోనూ ఇదే లెక్క. డాఫ్నియా తినే చేపల్ని తగ్గిస్తే నీళ్ళు తేటపడతాయన్న ఆలోచనకి 1975లో అమెరికాలో జోసెఫ్ షపీరో, ఆయన తోటివాళ్ళు బయోమానిప్యులేషన్ అని పేరు పెట్టారు, తర్వాత చాలా సరస్సుల్లో చేసి చూశారు, మురుగు, ఎరువు ఆగకుండా వస్తూనే ఉన్నచోట ఆ తేటదనం నిలబడలేదు. హుస్సేన్ సాగర్ ఎండాకాలంలో ఎందుకు పచ్చబడుతుందో, నా 55 లీటర్లు ఎందుకు పచ్చబడ్డాయో కారణం ఒకటే, వచ్చే ఎరువు ఎక్కువ, పోయేది తక్కువ.

మన ఊళ్ళలో రొయ్యలు చచ్చేది నాచు లేక కాదు, నీళ్ళ వల్ల, ఎండ వల్ల, దోమల మందు వల్ల. కార్పొరేషన్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యకుండా పొయ్యకూడదు. బోరు నీళ్ళు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) ఎనిమిది వందలు, వెయ్యి ఉంటాయి, అవి మరీ గట్టి నీళ్ళు. అలాగని వంటింట్లో ఆర్ఓ నీళ్ళు నేరుగా పోస్తే వాటిలో కాల్షియమే ఉండదు, రొయ్య కుబుసం విడిచాక కొత్త పెంకు గట్టిపడక పోతుంది. నేను రెండూ కలిపి, టీడీఎస్ మీటర్ తో 200, 250 మధ్యకి తెచ్చుకుంటా, చెర్రీలకి అది బాగా పడింది. కొత్తవాళ్ళు కంగారు పడే విషయం ఒకటి, అడుగున రొయ్య ఆకారం కనపడితే చచ్చిందనుకుంటారు, గాజులా ఖాళీగా ఉంటే అది విడిచిన పెంకు, తియ్యకండి, మళ్ళీ అవే తింటాయి. చచ్చిన రొయ్య గులాబీ రంగుకి, వండినదానిలా అయిపోతుంది, అది మాత్రం తీసెయ్యాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ట్యాంక్ నీళ్ళు 32 డిగ్రీలు దాటతాయి. 20 డిగ్రీల దగ్గర లీటర్ నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 దగ్గరికి వచ్చేసరికి అది ఏడున్నరకి పడిపోతుంది, అదే సమయంలో ప్రాణులకి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. మూత తీసి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి మీదుగా తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఆవిరైపోయినంత మేర ఆర్ఓ నీళ్ళు కలపాలి. దోమల మందుల్లో ఎక్కువగా ఉండేది పైరిథ్రాయిడ్ రకం, అది మనకి పెద్దగా హాని చెయ్యని మోతాదులో కూడా రొయ్యల్ని చంపేస్తుంది. ఒకసారి ఇంట్లో బొద్దింకల స్ప్రే కొట్టించాం, ట్యాంక్ మీద గుడ్డ కప్పా గానీ ఎయిర్ పంప్ ఆపడం మర్చిపోయా, అది గదిలో గాలినే లాగి నీళ్ళలోకి తోసింది, మర్నాడు పొద్దునకి నలభై చెర్రీలు అడ్డంగా తిరిగి కాళ్ళు కొట్టుకుంటున్నాయి, చేపలు మాత్రం బానే ఉన్నాయి. ఆ రోజు చాలా ఏడుపొచ్చింది. స్ప్రే కొట్టే రోజు పంప్ ఆపి, గది తెరిచి గాలి ఆడాక గానీ మళ్ళీ వెయ్యకండి. చేపల రోగాల మందుల్లో కాపర్ ఉంటే అదీ అంతే, లేబుల్ చదివి వాడండి.

కొత్త రొయ్యలు తెచ్చినప్పుడు కవర్ నీళ్ళతో సహా గిన్నెలో పోసి, సన్నటి ఎయిర్ ట్యూబ్ కి ముడి వేసి ట్యాంక్ నీళ్ళు చుక్క చుక్కగా గంటన్నర పడనివ్వండి. సెలైన్ ఎక్కించినట్టే.

చివరికి నాచు తగ్గుతుంది. అప్పుడు ఒక కొత్త బాధ్యత వస్తుంది, చాలామంది మర్చిపోయేది ఇదే, నాచు తినేవాటికి నాచు అయిపోయాక తిండెక్కడిది. ఓటోల పొట్టలు వారానికోసారి చూస్తా, లోపలికి పోతున్నట్టు అనిపిస్తే కీర దోసకాయ చక్రం గానీ పాలకూర ఆకు గానీ రెండు నిమిషాలు ఉడకబెట్టి, ఫోర్క్ కి గుచ్చి, లైటు ఆరాక అడుగున పెడతా. బాబాయి చెప్పిన చెక్ ట్రే లాగా ఒక చిన్న గాజు గిన్నె కూడా పెట్టుకున్నా, రొయ్యల పెల్లెట్ అందులోనే వేస్తా, రెండు గంటల తర్వాత మిగిలి ఉంటే మర్నాడు మేత లేదు. దోసకాయ ముక్క మాత్రం పొద్దున్నే తీసెయ్యండి, మెత్తబడి నీళ్ళలో విడిపోయిందంటే మళ్ళీ నాచుకి మనమే మేత వేసినట్టు.